మిషన్ ట్రిప్: సంఘంలో వినే అపోహలు, గ్వాటెమాలాలో ఎదురయ్యే వాస్తవాలు

చర్చి తరఫున బృందంగా వేరే దేశం వెళ్ళి, కొన్నాళ్ళు సేవ చేసి వచ్చే ప్రయాణాన్ని మిషన్ ట్రిప్ అంటాం. ఏటా ఈస్టర్ దాటగానే మా సంఘంలో దాని గురించి అడగడం మొదలవుతుంది. "సిస్టర్, ఈసారి మా అబ్బాయిని కూడా తీసుకెళ్తారా? కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుంది." "అక్కా, పాత బట్టలు రెండు సూట్‌కేసులు ఉన్నాయి, పంపమంటారా?" నేను టెక్సస్‌లో నర్సుని. వేసవిలో గ్వాటెమాలా కొండ ప్రాంతంలో, ఆటిట్లాన్ సరస్సు చుట్టుపక్కల ఊళ్ళలో, అక్కడి క్లినిక్ వాళ్ళతో కలిసి మెడికల్ క్యాంపు పెట్టే బృందంలో మందుల బల్ల నాది. తరచూ వినే మాటలకి నాకు తెలిసిన జవాబులివి. కొన్ని నచ్చకపోవచ్చు.

అపోహ: పని ఏదైనా పర్లేదు, వెళ్ళి చెమటోడిస్తే అదే సేవ

యూత్ గ్రూపులకి ఎక్కువగా దొరికే పని గోడలకి రంగులు వెయ్యడం, ఇటుకలు మొయ్యడం. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ని ఊడ్చేశాక ఉత్తర అమెరికా సంఘాలు బృందాలుగా వెళ్ళి ఇళ్ళు కట్టాయి. అక్కడే నివాసముండే సమాజశాస్త్ర అధ్యాపకుడు కర్ట్ వెర్‌బీక్ తర్వాత లెక్క తీశారు. ప్రయాణ ఖర్చులు కలుపుకుంటే బృందాలు కట్టిన ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు పడింది. స్థానిక సంస్థ అలాంటి ఇంటినే సుమారు 2,000 డాలర్లకి కట్టింది. ఇల్లు బృందం కట్టినా, స్థానికులు కట్టినా అందులో ఉండేవాళ్ళ బతుకులో చెప్పుకోదగ్గ తేడా ఆయనకి కనబడలేదు. "వెళ్ళొచ్చిన వాళ్ళ జీవితాలైనా మారతాయి కదా" అంటారు. ఆ మార్పు కూడా చాలామందిలో పెద్దగా నిలవలేదని ఆయన పరిశీలనలోనే తేలింది.

గ్వాటెమాలా ఊళ్ళలో తాపీ మేస్త్రీలకి కొదవ లేదు, పనికే కొదవ. వాళ్ళు చెయ్యగల పనిని మనం టికెట్లు కొనుక్కుని వెళ్ళి ఉచితంగా, అదీ వంకరగా చేసి వస్తే ఆ కూలి పోయేది వాళ్ళకే.

ఇది తెలుగు క్రైస్తవులకి ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ దొర ఏం చేశాడు? బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తనే తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు కూడా ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన సంఘాల్లో చిన్నపిల్లలకీ తెలుసు. దానికి ముందు జరిగిన కాలువ సంగతిని మాత్రం ఎవరూ ప్రసంగాల్లో చెప్పరు.

అపోహ: ఏ మందైనా తీసుకెళ్ళొచ్చు, ఏమీ లేనిదానికన్నా నయమే కదా

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇదే. ఇంట్లో మిగిలిపోయిన దగ్గు మందు, సగం వాడిన మాత్రల సీసా, వచ్చే నెల ఎక్స్‌పైర్ అయ్యే శాంపిల్స్ అన్నీ ఒక సంచిలో పోసి ప్రార్థన చేసి ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం దానంగా పంపే మందు ఆ దేశం చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి, అక్కడివాళ్ళు అడిగిన మందై ఉండాలి, లేబుల్ వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేకి దాదాపు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. అందులో చాలా భాగం ఎవరూ అడగనివి. వాటిని ఎక్కడ పెట్టాలి, ఎలా పారెయ్యాలి అన్నదే అక్కడివాళ్ళకి పెద్ద పనైపోయింది.

మందు సరైనదే అనుకుందాం. బీపీ ఉన్న పెద్దావిడకి ముప్ఫై మాత్రలిచ్చాం. ముప్ఫై ఒకటో రోజున? ఆవిడ పేరు అక్కడి క్లినిక్ రిజిస్టర్‌లోకి ఎక్కి, ఆ మందే అక్కడ దొరికి, వచ్చే నెల ఎవరో ఒకరు బీపీ చూస్తేనే మనమిచ్చిన మాత్రలకి అర్థం. అందుకే మేం ఇప్పుడు ఎక్కువ మందులు ఆ దేశంలోనే కొంటాం. ఆవిడ తర్వాత కొనుక్కునే డబ్బా కూడా అదే రంగులో, అదే పేరుతో ఉంటుంది.

నులిపురుగుల మందు సంగతి చూడండి. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఒకే మోతాదు. ఏడాది దాటి రెండేళ్ళ లోపున్న బిడ్డకైతే అందులో సగం, గర్భం మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఇవ్వడం తేలిక, ఫొటోలో కూడా బాగుంటుంది. కానీ నీళ్ళూ మరుగుదొడ్డీ మారకపోతే కొన్ని నెలల్లో పురుగులు మళ్ళీ వస్తాయి. పైగా బడిలో ప్రభుత్వం వాళ్ళు మొన్ననే ఇచ్చి ఉండొచ్చు. అడక్కుండా మళ్ళీ పంచే బృందాలున్నాయి.

మోతాదు దగ్గర ఇంకో చిక్కుంది. గ్వాటెమాలాలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో దాదాపు సగం మంది వయసుకి తగ్గ ఎత్తు ఎదగరు. మన కంటికి నాలుగేళ్ళనిపించే పాపకి ఏడేళ్ళుంటాయి. వయసుని బట్టి సిరప్ కొలిచి పోస్తే మోతాదు ఎక్కువైపోవచ్చు. కాటా మీద నిలబెట్టి బరువు చూడాలి. మా సామానులో స్టెతస్కోపు మర్చిపోయినా సర్దుకుంటాం గానీ కాటా మర్చిపోతే ఆ రోజు పిల్లల లైన్ నడవదు.

"స్పానిష్ వచ్చినవాళ్ళున్నారు కదా, చాలదా?" చాలదు. గ్వాటెమాలాలో మాయా భాషలే 22. సరస్సు చుట్టూ కక్చికెల్, త్సుతుహిల్, కిచే మాట్లాడతారు. పెద్దవయసు ఆడవాళ్ళలో చాలామందికి స్పానిష్ అంతంతమాత్రం. డాక్టరు ఇంగ్లిష్‌లో అడిగింది స్పానిష్‌లోకి, అక్కడినుంచి కక్చికెల్‌లోకి వెళ్ళి, జవాబు అదే దారిన తిరిగి రావాలి. "ఎప్పట్నించి నొప్పి?" అన్న ప్రశ్నకి ఆవిడ రెండు నిమిషాలు చెబితే మన చెవికి చేరేది "చాలా రోజుల్నించి" అన్న ముక్క. అందుకే ఊరి ఆరోగ్య కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకోకుండా మందుల బల్ల తెరవను. కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, ఏ పూట ఎన్ని మాత్రలో గీతలు గీసిస్తాం. ఆ బొమ్మలు వెయ్యడం మాత్రం హైస్కూలు పిల్లలకి అప్పజెప్పొచ్చు.

అపోహ: అక్కడ రూల్స్ ఉండవు, పిల్లలకి మంచి ప్రాక్టీసు

ఇది తల్లిదండ్రుల మాట. "మావాడు ప్రీమెడ్ (మెడికల్ కాలేజీలో చేరడానికి ముందు చదువు), ఇంజెక్షన్ ఒక్కటి చెయ్యనివ్వండి." డాలస్‌లో ముట్టుకోనివ్వని పనిని, ఆ సరస్సు ఉన్న సోలోలా ప్రాంతంలో ఎందుకు చెయ్యనిస్తాం? అమెరికన్ వైద్య కళాశాలల సంఘం ఇలాంటి విద్యార్థుల కోసమే 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ లేని పని విదేశంలో చేసి వస్తే అది అడ్మిషన్‌కి మేలు చెయ్యదు సరికదా, ఎదురు తిరగొచ్చు. గ్వాటెమాలాలో రూల్స్ లేవన్నదీ తప్పే. విదేశీ డాక్టర్ల డిగ్రీలు, లైసెన్సులు ముందే పంపి అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాలకే నెలలు పడుతుంది.

అపోహ: అక్కడివాళ్ళకి సువార్త అందలేదు

గ్వాటెమాలాలో ప్రతి పదిమందిలో సుమారు నలుగురు ఇవాంజెలికల్, ప్రొటెస్టెంట్ విశ్వాసులు. మిగతావాళ్ళలో ఎక్కువమంది కాథలిక్కులు. మనం దిగే ఊళ్ళో రెండు మూడు చర్చిలు, మన ఊళ్ళలో లాగే మైకులు పెట్టుకుని ముందే ఉంటాయి. అక్కడి పాస్టర్లు మనకంటే ఎక్కువసేపు ప్రార్థన చేస్తారు, మనకంటే బాగా పాడతారు. వాళ్ళ సంఘానికి అతిథులుగా వెళ్తున్నాం, అంతే.

వెళ్ళేవాళ్ళందరూ తెలుసుకోవలసిన చరిత్ర కూడా ఒకటుంది. 1976 ఫిబ్రవరి 4న వచ్చిన భూకంపంలో దాదాపు 23,000 మంది చనిపోయారు. సహాయం చెయ్యడానికి కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక క్రైస్తవ బృందం అక్కడే ఎల్ వెర్బో అనే సంఘం స్థాపించింది. ఆ సంఘంలో చేరిన జనరల్ ఎఫ్రయిన్ రియోస్ మాంట్ 1982లో తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చాడు. ఆదివారాలు టీవీలో నీతి ప్రసంగాలు చేసేవాడు. అతను పాలించిన ఏడాదిన్నరలోనే కొండల్లో మాయా గ్రామాల మీద సైన్యం ఘోరమైన ఊచకోతలు సాగించింది. 2013లో న్యాయస్థానం అతనికి జాతి నిర్మూలన నేరం కింద శిక్ష వేస్తే, పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. సహాయానికి వచ్చినవాళ్ళు ఇదంతా ఊహించి ఉండరు. అయినా బైబిలు పట్టుకుని వచ్చిన విదేశీయుడిని చూస్తే అక్కడ కొందరు ముసలివాళ్ళకి ఏం గుర్తొస్తుందో మనకి తెలిసి ఉండాలి. మందుల లైన్‌లో నిలబడినవాళ్ళని ముందు ప్రసంగం వినమని కూర్చోబెట్టడం మా బృందంలో నిషేధం. ప్రార్థన కావాలని అడిగినవాళ్ళకి పక్కన ఒక గది, అందులో ఆ ఊరి పాస్టర్‌గారు ఉంటారు.

అపోహ: అనాథాశ్రమంలో ఒక రోజు గడిపితే పిల్లలకి సంతోషం

ఆ రోజుకి సంతోషమే. వారానికో కొత్త బృందం వచ్చి ఎత్తుకుని ముద్దాడి వెళ్ళిపోతుంటే ఆ పిల్లలకి ఏం నేర్పుతున్నట్టు? అసలు హోముల్లో ఉన్నవాళ్ళలో చాలామంది అనాథలు కారు. హైటీలోనైతే హోముల్లోని పిల్లల్లో దాదాపు 80 శాతానికి తల్లో తండ్రో ఉన్నారని అంచనా. పేదరికం వల్ల వదిలినవాళ్ళే. 2010 హైటీ భూకంపం తర్వాత 33 మంది పిల్లల్ని సరైన కాగితాల్లేకుండా సరిహద్దు దాటించబోయి పదిమంది అమెరికన్ బాప్టిస్టులు అరెస్టయ్యారు. ఆ పిల్లల్లోనూ చాలామందికి తల్లిదండ్రులున్నారు. సందర్శకులు ఎక్కువైతే హోములు పెరుగుతాయి, హోములు పెరిగితే పిల్లలు కావాలి. మా ట్రిప్‌లో హోమ్ విజిట్ లేదు, అడగొద్దు.

అపోహ: మనం ఇండియా నుంచి వచ్చినవాళ్ళం, పేదరికం మనకి కొత్త కాదు

కొంత నిజం. పొయ్యి పొగకి దగ్గే అవ్వని చూసి మనం బెదరం, చేత్తో తినడానికి సిగ్గుపడం. కానీ "మా ఊళ్ళోనూ ఇంతే" అని తేల్చేసి, ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వినని జబ్బు మనవాళ్ళలోనే ఎక్కువ చూశాను. మన పిల్లలైతే అక్కడ పక్కా అమెరికన్లే.

అపోహ: అయితే ఇదంతా దండగ, టికెట్ డబ్బులు పంపేస్తే చాలు

కొన్ని ట్రిప్పుల విషయంలో ఇదే నిజం. రంగులెయ్యడానికి వెళ్ళేవాళ్ళు డబ్బే పంపాలి. కానీ డబ్బుతో దొరకని చేతులు కొన్నుంటాయి. గ్వాటెమాలాలోని ఆంటిగ్వా నగరంలో సాంతో హెర్మానో పెద్రో సంస్థ నడిపే ఆసుపత్రికి ఏటా విదేశీ సర్జరీ బృందాలు వస్తుంటాయి. ఆపరేషన్ ఎవరికి అవసరమో అక్కడివాళ్ళే ముందుగా లిస్టు రాసుకుంటారు, బృందం వెళ్ళాక కుట్లు చూసేదీ వాళ్ళే. ఇలా జరిగేచోట వెళ్ళొచ్చు. మీ సంఘంలో ట్రిప్ ప్రకటిస్తే రెండే అడగండి: రమ్మన్నది ఎవరు? మనం వచ్చేశాక చూసుకునేది ఎవరు? రెండిటికీ అక్కడి మనుషుల పేర్లు జవాబుగా రాకపోతే డబ్బు కట్టకండి.

ఈ ఏడాది క్లినిక్ నుంచి వచ్చిన లిస్టులో నర్సులు లేరు. షుగర్ చూసే స్ట్రిప్స్ కావాలన్నారు, వాళ్ళ దగ్గరున్న మీటర్ మోడల్ కూడా రాశారు. ఆటోక్లేవ్ (పరికరాల్ని ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రం) పాడైందట, బాగుచెయ్యడం నేర్పించే మనిషి కావాలన్నారు. కాబట్టి ఈసారి నేను వెళ్ళడం లేదు. స్ట్రిప్స్ కొనడం అయిపోయింది. ఆసుపత్రి పరికరాల రిపేరు తెలిసినవాళ్ళు, కొంచెం స్పానిష్ వస్తే మరీ మంచిది, మీ సంఘంలో ఉంటే మా పాస్టర్‌గారితో మాట్లాడమనండి.