గోదావరి పేరు మోసిన మూడు యుద్ధనౌకలు: అపోహలు – వాస్తవాలు

"మా తాతగారు గోదావరి మీద చేశారండీ" అన్న మాట అమలాపురం నుంచి భీమవరం దాకా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది నిజమే కావచ్చు. తర్వాత చెప్పే కథలోనే చిక్కంతా. 1944లో జర్మన్ జలాంతర్గామి, 1971 యుద్ధం, 1988 మాల్దీవులు, అన్నీ ఒకే ఓడ మీదకి ఎక్కించేస్తారు. నౌకల సర్వీసు చరిత్ర చూసేవాళ్లకి తరచూ ఎదురయ్యే మాటల్ని ఇక్కడ తేలుస్తున్నాం.

అపోహ: గోదావరి అనేది ఒకటే యుద్ధనౌక.

వాస్తవం: మూడున్నాయి, మూడూ మూడు రకాలు. మొదటిది బ్లాక్ స్వాన్ తరగతి స్లూప్, అంటే సరుకు ఓడలకి కాపలా వెళ్లే చిన్న యుద్ధనౌక. సౌతాంప్టన్‌లో థార్నీక్రాఫ్ట్ వాళ్లు కట్టారు, 1943లో సర్వీసులోకి వచ్చింది, నంబరు యు52. రెండోది డిస్ట్రాయర్, డి92. 1953 నుంచి మన నేవీలో ఉంది. మూడోది బొంబాయి మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్, ఎఫ్20. 1983 డిసెంబరు 10న కమిషన్ అయి, 2015 డిసెంబరు 23న సర్వీసు ముగించింది.

నేవీలో ఓడ పోయినా పేరు పోదు, కొత్త ఓడకి పెడతారు. 1953లో గోదావరితో పాటు వచ్చిన జతలు గంగ, గోమతి. 1980ల్లో ఫ్రిగేట్లు కట్టినప్పుడు మళ్లీ అవే మూడు పేర్లు పెట్టారు. కాబట్టి "గోదావరి, గంగ, గోమతి కలిసి తిరిగేవి" అని పెద్దాయన చెప్పినంత మాత్రాన కాలం తెలియదు.

అపోహ: మొదటి గోదావరి స్వతంత్రం వచ్చాక మన దగ్గరే ఉంది.

వాస్తవం: లేదు. 1947 పంపకాల్లో ఆరు స్లూప్‌లలో నాలుగు మనకి, రెండు పాకిస్తాన్‌కి వెళ్లాయి. ఆ రెండిట్లో ఒకటి నర్మద, రెండోది గోదావరి. పాకిస్తాన్ దాని పేరు సింధ్ అని మార్చుకుంది. కృష్ణా, కావేరి పేర్లున్నవి మాత్రం ఇటే ఉండిపోయాయి.

అపోహ: డిస్ట్రాయర్ గోదావరిని బ్రిటన్ మన కోసం కొత్తగా కట్టి కానుకగా ఇచ్చింది.

వాస్తవం: కొత్తదీ కాదు, కానుకా కాదు. టైన్ నది ఒడ్డున హెబర్న్‌లో హాథార్న్ లెస్లీ కట్టిన హంట్ తరగతి టైప్-2 ఓడ ఇది. 1941లో నీటిలోకి దించినప్పుడు పేరు బెడేల్. 1942లో పోలండ్ నావికులకు అప్పగిస్తే ష్లోన్‌జాక్ అయింది. ఆ పేరుతోనే 1942 ఆగస్టు 19న ఫ్రాన్స్ తీరంలోని డియెప్ మీద జరిగిన దాడిలో కెనడా సైనికుల్ని నీళ్ల మీంచి ఎక్కించుకుంది. 1943లో సిసిలీ, 1944లో నార్మండీ కూడా చూసింది. 1946లో బ్రిటన్‌కి తిరిగి వెళ్లింది. 1953 ఏప్రిల్లో మనకి మొదట అప్పుగా వచ్చింది, కొనుక్కున్నది తర్వాతే. (మన దగ్గర చేసిన సర్వీసు కంటే పోలండ్ జెండా కింద చేసిన నాలుగేళ్లలోనే దీనికి యుద్ధం ఎక్కువ అన్నది మా లెక్క.)

అపోహ: డిస్ట్రాయర్ ఎప్పుడూ ఫ్రిగేట్ కంటే పెద్దదే.

వాస్తవం: గోదావరి పేరున్న ఓడలే దీనికి జవాబు. డిస్ట్రాయర్ పొడవు దాదాపు 85 మీటర్లు, ప్రామాణిక బరువు 1,050 టన్నులు. ఫ్రిగేట్ పొడవు 126 మీటర్లు, నిండు బరువు 3,800 టన్నుల పైమాటే. స్లూప్ కూడా డిస్ట్రాయర్ కంటే పొడుగే, దాదాపు 91 మీటర్లు. తేడా వేగంలో ఉంది. డిస్ట్రాయర్‌కి రెండు బాయిలర్లు, 19,000 హార్స్‌పవర్ టర్బైన్లు, 27 నాట్లు, అంటే గంటకి 50 కిలోమీటర్లు. స్లూప్ 20 నాట్లు దాటదు.

టైప్-2 అన్న మాట ఎందుకంటే, హంట్ తరగతి మొదటి నమూనాలో బరువు లెక్క తప్పింది. ఓడ కట్టాక ఇంక్లైనింగ్ పరీక్ష చేస్తారు. కదలని నీళ్లలో ఓడని వదులుగా కట్టి, తెలిసిన బరువుని డెక్ మీద తెలిసినంత దూరం పక్కకి జరుపుతారు. లోపల వేలాడదీసిన తూకపు దారం ఎంత పక్కకి జరిగిందో కొలుస్తారు. దాన్నిబట్టి గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉందో లెక్క వస్తుంది. అలా చేస్తే తేలిందేమిటంటే, ఓడకి పైబరువు ఎక్కువైంది. అప్పటికే పూర్తవుతున్న వాటిలో మూడు జంట ఫిరంగుల్లో ఒకటి తీసేసి, అడుగున బరువు వేశారు. తర్వాతి వాటికి వెడల్పు 29 అడుగుల నుంచి 31.5 అడుగులకి పెంచి మూడో ఫిరంగి మళ్లీ పెట్టారు. అవే టైప్-2. గోదావరికి మూడు జంట 4 అంగుళాల ఫిరంగులు దక్కింది ఆ రెండున్నర అడుగుల వల్లే. టార్పెడో గొట్టాలు మాత్రం లేవు. డిస్ట్రాయర్ అంటే టార్పెడో ఉండి తీరాలన్నది కూడా అపోహే.

అపోహ: 1971లో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది గోదావరే.

వాస్తవం: ఆ కథలో ఉన్నది ఐఎన్ఎస్ రాజ్‌పుత్. అదీ పాత బ్రిటిష్ డిస్ట్రాయరే, అసలు పేరు రోథర్హామ్. (2021లో విశాఖలో రిటైరైన రాజ్‌పుత్ వేరు, అది సోవియట్ యూనియన్‌లో కట్టింది.) ఘాజీ ఎలా మునిగిందన్నది ఇప్పటికీ వాదనే. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే పీపాల) వల్లని మనవాళ్లంటారు, సొంత మందుపాతరో లోపలి పేలుడో అని పాకిస్తాన్ అంటుంది.

అయితే గోదావరి పేరు మీద నిజంగా ఒక జలాంతర్గామి ఉంది. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర జర్మన్ యు-198ని బ్రిటిష్ ఫ్రిగేట్ ఫిండ్‌హార్న్, మన స్లూప్ గోదావరి కలిసి ముంచాయి. అందులో ఉన్న 66 మందీ పోయారు. ఇంట్లో "మా నాన్నగారు సబ్‌మెరైన్ ముంచిన ఓడలో చేశారు" అన్న మాట ఉంటే, ఘాజీకి ముడిపెట్టే ముందు తేదీ 1944కి సరిపోతుందేమో చూడండి.

డెప్త్ చార్జీ అంటే పీపా పడేస్తే పేలిపోతుంది అనుకుంటారు. అంత సులువు కాదు. అప్పటి మార్క్-7 పీపాలో 290 పౌన్ల పేలుడు మందు ఉంటుంది. ఏ లోతులో పేలాలో నీటి ఒత్తిడి మీద పనిచేసే పేలుడు మీటకి (దాన్ని పిస్టల్ అంటారు) ముందే సెట్ చేయాలి. అది సెకనుకి మూడు మీటర్ల చొప్పున మునుగుతుంది, అంటే 60 మీటర్ల లోతుకి 20 సెకన్లు. ఈలోగా 12 నాట్ల మీద పోతున్న ఓడ 120 మీటర్లు దాటిపోతుంది. జలాంతర్గామి కూడా పక్కకి తిరుగుతుంది. పైగా ఓడ దానికి బాగా దగ్గరయ్యేసరికి ఆస్డిక్ (నీటిలో శబ్దం పంపి జలాంతర్గామిని వెతికే పరికరం) ప్రతిధ్వని అందకుండా పోతుంది, చివరి క్షణాల్లో గురి అంతా అంచనా మీదే. జలాంతర్గామి గట్టి హల్ (ఓడ బయటి గోడ) చీలాలంటే ఆరేడు మీటర్ల లోపు పేలాలి. ఓడ మెల్లగా పోతూ లోతు తక్కువ పెడితే దెబ్బ తన వెనకభాగానికే తగులుతుంది. అందుకే ఒక ఓడ పట్టు వదలకుండా వింటుంటే, రెండోది మీదకి పోయి పీపాలు వదిలేది. యు-198 వేటలో ఒకటి కాక ఎక్కువ ఓడలు ఉండటం మామూలు పద్ధతే.

అపోహ: మాల్దీవుల్లో దెబ్బతిన్న గోదావరే 1988లో అక్కడి ప్రభుత్వాన్ని కాపాడింది.

వాస్తవం: రెండు వేర్వేరు ఓడలు. 1976లో మాల్దీవుల దగ్గర నేలకి తగిలి బాగా దెబ్బతిన్నది డిస్ట్రాయర్. దాన్ని 1979లో తుక్కుకి విప్పేశారు. 1988 నవంబరులో అక్కడ తిరుగుబాటు చేసి, బందీలతో పారిపోతున్నవాళ్ల ప్రోగ్రెస్ లైట్ ఓడని మన మరో యుద్ధనౌక బెత్వాతో కలిసి అడ్డుకున్నది ఫ్రిగేట్. అంతకుముందే ఆగ్రా నుంచి విమానాల్లో వెళ్లి మాలేని కాపాడినవాళ్లు పారాట్రూపర్లు. ఆ ఘనత వాళ్లది.

అపోహ: గోదావరి ఓడ రాజమండ్రి దాకా వచ్చింది.

వాస్తవం: రాలేదు. అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే మొగల్లో ఇసుక మేటలు ఉంటాయి, ఫ్రిగేట్‌కి అడుగు తగులుతుంది. మేట దాటినా ధవళేశ్వరం ఆనకట్ట ఉండనే ఉంది, అదీ 1852 నుంచి. పెద్ద ఓడ ఏదైనా మన డెల్టా వైపు వస్తే కాకినాడ దాకా, హోప్ ఐలాండ్ చాటున.

అపోహ: పాత ఫొటో చూసి ఏ గోదావరో చెప్పలేం.

వాస్తవం: ఓడ కనబడే ఫొటో అయితే చాలావరకు చెప్పొచ్చు. ముందు హల్ మీద నంబరు వెతకండి: యు52, డి92, ఎఫ్20. నంబరు లేకపోతే ఫిరంగులు చూడండి. స్లూప్‌కీ డిస్ట్రాయర్‌కీ మూడేసి జంట ఫిరంగులే, అందుకే ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. ఓడ నడిపే బ్రిడ్జి గదికి ముందు రెండు ఒకదాని మీద ఒకటి ఉండి వెనక ఒకటే ఉంటే స్లూప్. ముందు ఒకటి, వెనక రెండు ఉంటే డిస్ట్రాయర్. వెనక హెలికాప్టర్ల హ్యాంగర్ ఉంటే ఫ్రిగేటే, రెండు సీకింగ్ హెలికాప్టర్లు పట్టేంత హ్యాంగర్ ఉంటుంది.

మనిషి ఒక్కడే ఉన్న ఫొటో అయితే టోపీ రిబ్బన్ చూడండి. "హెచ్ఎంఐఎస్" (బ్రిటిష్ రాజుగారి భారత నౌక) అని ఉంటే 1950 జనవరి 26కి ముందుది, "ఐఎన్ఎస్" అయితే తర్వాతది. యుద్ధకాలంలో ఓడ పేరు లేకుండా మొదటి అక్షరాలు మాత్రమే వేసిన రిబ్బన్లు ఉండేవి, పేరు లేదని కంగారు పడకండి. అన్నిటికంటే నమ్మదగ్గది ట్రంకు పెట్టెలోని సర్వీసు సర్టిఫికెట్. అందులో ఓడ పేరు పక్కన చేరిన తేదీ, దిగిన తేదీ వరుసగా ఉంటాయి. 1943–47 మధ్య ఉంటే స్లూప్, 1953–76 మధ్య ఉంటే డిస్ట్రాయర్, 1983 డిసెంబరు దాటితే ఫ్రిగేట్. కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంటే టేపు అంటించకండి, అది ముదిరి సిరాని లాగేస్తుంది. వెలుతురులో పరిచి రెండు వైపులా ఫొటో తీసుకోండి.