మీటరు లేని ఇస్త్రీ బండి

తెలంగాణలో లాండ్రీ షాపులకు, ధోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం 2021 ఏప్రిల్‌లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘జగనన్న చేదోడు’ కింద షాపులున్న రజకులకు ఏడాదికి 10 వేల రూపాయలు ఇచ్చారు. రెండూ కావలసినవే. కానీ రెండూ షాపును చూసి ఇచ్చినవి. అపార్ట్‌మెంట్ గేటు పక్కన, చెట్టు నీడలో బండి పెట్టుకుని బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే ఆడమనిషికి మీటరెక్కడిది? ఆమె పనిని లెక్కలోకి తీసుకోకపోవడం మనకు కొత్త కాదు. దాని మూలాలు చాకిరేవులో ఉన్నాయి.

పల్లెల్లో ఒక్కో చాకలి కుటుంబానికి కొన్ని ఇళ్లుండేవి. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఆ ఇళ్లను పంచుకునేవారు. డబ్బు చేతికొచ్చేది తక్కువ. పంట నూర్చాక కళ్లంలో మేర కింద ఇంత ధాన్యం, రాత్రికి ఇంత అన్నం. ఆ అన్నం కోసం గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది ఎక్కువగా ఆడవాళ్లే. పప్పు, పులుసు, ఒకరి వరన్నం, ఇంకొకరి జొన్న సంకటి అన్నీ అదే గిన్నెలో పడేవి. పొద్దున మూట ఎత్తుకెళ్లిన మనిషే పొద్దుగూకాక గడప ముందు నిలబడి ‘అమ్మా, అన్నం’ అని పిలవాలి. చేసిన పనికి రావలసిన కూలిని అడుక్కున్నట్టు తెచ్చుకోవలసి రావడం, నాకైతే ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ పెట్టే విషయం.

రేవు పని తేలికైనది కాదు. చౌడు కలిపిన నీళ్లలో బట్టలు తడిపి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికించేవారు. దాన్నే ఉబ్బకు పెట్టడం అంటారు. ఆ తర్వాత బండకేసి బాది, జాడించి, నీలిమందు, గంజి పెట్టి ఆరేయాలి. మూటల్లో ఎవరి బట్ట ఎవరిదో పోల్చుకోవడానికి అంచున నల్లజీడి గింజ రసంతో ఒక చుక్కో, రెండు గీతలో పెట్టేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గుర్తు అది. ఒంటికి తగిలితే ఆ రసం చర్మాన్ని పొక్కిస్తుంది. అక్షరం రాని మనుషులు ఊరి బట్టలన్నిటి లెక్కనూ ఆ చుక్కల్లో పెట్టుకున్నారు.

రేవులో బాదడం ఆడా మగా కలిసే చేసేవారు. పురిటి గుడ్డలు, ముట్టు బట్టలు మాత్రం ఆడవాళ్ల వంతుకే వచ్చేవి. పురుడొచ్చిన ఇల్లు శుద్ధి కావాలంటే ఆమె రావాలి. ఆ పనికి విడిగా కూలి అడిగే హక్కు ఉందని ఎవరూ అనుకోలేదు. ఆచారంలో భాగం అనుకున్నారు, అంతే.

నిజాం కాలపు తెలంగాణలో దీనికి వెట్టి తోడైంది. దొరల గడీల్లో బట్టలు ఉతకడంతో సరిపోయేది కాదు, అంట్లు తోమాలి, వడ్లు దంచాలి. ఆ రోజుల్లోనే ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు భూమి తీసుకుని సొంతంగా సేద్యం చేసింది. కులవృత్తి చేసుకోవలసిన మనిషి పొలం దున్నడమే విసునూరు దేశ్‌ముఖ్‌కు కంటగింపైంది. పంట చేతికొచ్చాక దాన్ని గడీకి తరలించాలని మనుషుల్ని పంపాడు. సంఘం అని జనం పిలుచుకున్న ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలబడి కోత కోసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికే చేర్చారు. అందరం ఆమెను చాకలి ఐలమ్మగానే తలుచుకుంటాం. ఆమె పోరాడింది మాత్రం ఆ కులానికి రాసిపెట్టిన పని దాటి భూమి మీద నిలబడటం కోసం. అదే పాలకుర్తిని పాల్కురికి సోమనాథుడి ఊరుగా చెబుతారు. కర్ణాటకలోని కల్యాణ పట్నంలో శివభక్తుల బట్టలు ఉతికిన మడివాలు మాచయ్య కథను 13వ శతాబ్దంలో తెలుగులో చెప్పింది ఆయనే. రజకులు మడేలయ్యగా కొలిచేది ఆ మాచయ్యనే.

వెట్టిచాకిరీని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించింది. 1976లో చట్టమూ వచ్చింది. ఈలోగా సబ్బు పొడి, వాషింగ్ మెషీన్ ఇళ్లలోకి వచ్చాయి, ఎన్నో ఊళ్లలో చెరువులు ఎండాయి. ఉతుకుడు తగ్గి ఇస్త్రీ మిగిలింది. తెలుగు రాష్ట్రాల్లో రజకులు బీసీ-ఏ కిందికి వస్తారు. ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్‌లో ధోబీలు ఎస్సీలు. ఇక్కడా ఎస్సీల్లో చేర్చాలన్న డిమాండ్ పాతదే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం బీసీలకు వర్తించదు కాబట్టి, కులం పేరుతో తిట్టినా, ఊరు వెలేసినా ఆ చట్టం కింద కేసు పెట్టే వీలు రజకులకు లేదు.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషించదగ్గ పని.

ఇక బండి దగ్గరికి వస్తే, ఆమె పని పొద్దున్నే బొగ్గులు రాజేయడంతో మొదలవుతుంది. కిలోల బరువుండే పెట్టెను చొక్కా మీద ఇటూ అటూ తోస్తూ, మధ్యలో బట్ట మీద నీళ్లు చిలకరిస్తూ, నివురు మీద పడకుండా మూత తీసి ఊదుతూ సాయంత్రం దాకా నిలబడే ఉంటుంది. వీధి వ్యాపారులకు అప్పులిచ్చే పీఎం స్వనిధి పథకం 2020లో వచ్చింది. అందులో లాండ్రీ పని చేసేవాళ్లనూ చేర్చారు. మునిసిపాలిటీ గుర్తింపు కార్డు ఉంటే మొదట 10 వేల దాకా ఇచ్చేవారు. షాపు లేని మనిషినీ లెక్కలోకి తెచ్చిన పథకం అది. కాకపోతే షాపు ఉన్నవాళ్లకు దొరికింది సాయం, ఆమెకు దొరికేది అప్పు.