నెత్తళ్ల కోసం వచ్చే తిమింగలం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి అమ్మమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం.

మీరు పంపిన బొమ్మలో తిమింగలం నెత్తిమీద ఫౌంటెన్‌లా నీళ్లు చిమ్ముతోంది. అవి నీళ్లు కావు, దాని ఊపిరి. తిమింగలం చేప కాదు కదా, గాలి పీల్చడానికి పైకి రావలసిందే. వచ్చీ రాగానే బలంగా వదిలిన వెచ్చని ఊపిరి చలిగాలి తగిలి తుంపరలా లేస్తుంది. ఒకసారి గాలి మా పడవ వైపు తిరిగింది. ఎండుచేపల సంతలో కూడా నేను అంత గట్టిగా ముక్కు మూసుకోలేదు!

ఈ ఊరు కాలిఫోర్నియాలోని మాంటెరీ. మీ పిన్ని వాళ్లుండే శాన్‌హోజే నుంచి కారులో గంటకు పైగా పడుతుంది. వేసవిలో కూడా స్వెటరు లేనిదే పడవలో కూర్చోలేం. అసలు సంగతంతా ఆ చలిలోనే ఉంది. ఇక్కడ సముద్రం అడుగున ఒక పెద్ద లోయ ఉంది. అది ఒడ్డుకు చాలా దగ్గరలోనే మొదలై, లోపలికి వెళ్లేకొద్దీ కిలోమీటరున్నర దాటి లోతవుతుంది. వసంతంలో, వేసవిలో వాయవ్యం నుంచి గాలులు వీచినప్పుడు పైనున్న నీరు ఒడ్డుకు దూరంగా జరిగిపోతుంది. దాని చోటులోకి అడుగునుంచి చల్లని నీరు పోషకాలను వెంటబెట్టుకుని పైకి వస్తుంది. ఎండ తగిలాక అందులో కంటికి కనిపించని నాచు పెరుగుతుంది. దాన్ని తినడానికి రొయ్యల్లా ఉండే క్రిల్, నెత్తళ్లు గుంపులుగా చేరతాయి. అవును, మన ఇంట్లో వేపుడు చేసుకునే నెత్తళ్ల బంధువులే! వాటి కోసమే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఇంత దూరం ఈదుకుంటూ వస్తాయి. చలికాలమంతా మెక్సికో, మధ్య అమెరికాల వెచ్చని నీళ్లలో పిల్లలను కని, అక్కడ ఇంచుమించు ఉపవాసమే ఉంటాయి మరి.

నాకు మాత్రం నీటికుక్క ఇంకా ముద్దొచ్చింది. రేవు దాటకముందే కనిపించింది. నీళ్లమీద వెల్లకిలా పడుకుని, పొట్టమీద రాయి పెట్టుకుని, రెండు చేతులతో ఆల్చిప్పను దానికేసి టకటకా కొడుతోంది. తిమింగలాలకున్నట్టు దీనికి చర్మం కింద కొవ్వు పొర లేదు. చలి ఆపేది దట్టమైన బొచ్చే. ఆ బొచ్చు కోసమే వేటగాళ్లు వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. కాలిఫోర్నియాలో ఇక లేవనుకుంటున్న రోజుల్లో, 1938లో బిగ్ సర్ తీరాన ఒక చిన్న గుంపు జనం కంటపడింది. ఇప్పుడు ఈ తీరంలో 3,000కు అటూ ఇటుగా ఉన్నాయి.

తిమింగలాలనూ వదల్లేదులెండి. 1850ల నుంచి ఇదే ఊళ్లో వాటిని చంపి నూనె తీశారు. వాటి ఎముకలు పరిచిన కాలిబాట ఇంకా ఉంది, దానిమీద అడుగు వేయడానికి నాకు మనసొప్పలేదు. 1992 నుంచి ఈ అఖాతం రక్షిత ప్రాంతం. మా సరంగు తిమింగలానికి దాదాపు 90 మీటర్ల దూరంలోనే పడవ నెమ్మది చేశాడు. ఇంకా దగ్గరికి పోనివ్వమని ఒకాయన గోల పెట్టినా వినలేదు. మంచి పని చేశాడు.

మీ బాబాయి వాంతులతో సగం దారి కళ్లు తెరవలేదు. మీరు వచ్చినప్పుడు మాత్ర ముందే వేసుకోండి.

తిమింగలాల తోకల ఫొటోలు రెండు అమ్మ ఫోనుకు పంపాను. తోక అడుగున ఉండే తెలుపు నలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. వాటిని బట్టే శాస్త్రవేత్తలు ఏది ఏదో గుర్తుపడతారు. ఆ రెండూ ఒకే తిమింగలానివా, వేర్వేరువా? చూసి జవాబు రాయండి.

మీ
అమ్మమ్మ