వెన్నెల ఎవరి కోసం? భావగీతంలో ప్రేమ, మృత్యువు, భక్తి, ప్రకృతి

కవి తన సొంత అనుభూతిని చిన్న గీతాల్లో చెప్పుకునే భావకవిత్వం మీద దాదాపు వందేళ్లుగా వినిపించే ఫిర్యాదు ఒకటే. ఎక్కడ చూసినా వెన్నెల, కన్నీళ్లు, అందని ప్రేయసి, చావు, చివరికి దేవుడు. 1928లోనే అక్కిరాజు ఉమాకాంతం ‘నేటికాలపు కవిత్వం’ పేరుతో ఈ ధోరణిని గట్టిగా విమర్శించారు. తర్వాత అభ్యుదయ కవులు మరో వైపు నుంచి అందుకున్నారు. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ ప్రేమ, మృత్యువు, భక్తి, ప్రకృతి, ఈ నాలుగూ ఒకే చిన్న గీతంలో కలవడం తెలుగులో ఎంత కొత్తో తెలియాలంటే, అంతకుముందు వేటికవి ఎక్కడెక్కడ ఉండేవో చూడాలి.

ప్రకృతికి అలంకారశాస్త్రం ఇచ్చిన ఉద్యోగం ఉద్దీపన విభావం. చంద్రుడు, కోయిల, మలయమారుతం వచ్చేది నాయికా నాయకుల్లో అప్పటికే ఉన్న రతిభావాన్ని రాజెయ్యడానికి. ప్రబంధంలో దానికి ఇంకో చోటుంది: అష్టాదశ వర్ణనలు. సముద్రం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం వరసలో రావాలి, కథ అడిగినా అడక్కపోయినా.

మరణం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. విరహానికి పది మన్మథావస్థలు చెప్పారు: చక్షుప్రీతి, మనస్సంగం, సంకల్పం, జాగరం, కృశత, అరతి, లజ్జాత్యాగం, ఉన్మాదం, మూర్ఛ, మరణం. కవి తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాలి. పదోది నిజంగా జరిగితే శృంగార రసం కాస్తా కరుణ రసంలోకి జారుతుంది. అంటే చావు అక్కడ ప్రేమకు చివరి మెట్టు, దానికదే ఒక విషయం కాదు. కావ్యంలో ఎవరైనా నిజంగా పోతే ఏడ్చేది పాత్రే: కుమారసంభవం నాలుగో సర్గలో రతీదేవి, రఘువంశం ఎనిమిదో సర్గలో అజమహారాజు. ఆ రెండు విలాపాలకూ కాళిదాసు ఎంచుకున్నది ఒకే ఛందస్సు, వియోగిని. దుఃఖానికి కూడా కొలత ముందే సిద్ధంగా ఉందన్నమాట.

భక్తి దగ్గర మాత్రం ‘నేను’ నోరు విప్పింది. శతకంలో ప్రతి పద్యం ముక్తకం, దేనికది విడి. చివర మకుటం ఉంటుంది కాబట్టి కవి ఎవరితో మాట్లాడుతున్నాడో సందేహం ఉండదు. ధూర్జటి తన లౌల్యాన్నీ, రాజసేవ మీద రోతనూ నేరుగా శ్రీకాళహస్తీశ్వరుడి ముందు పెట్టగలిగాడంటే ఆ వెసులుబాటు వల్లే. కవి ‘నేను’ ఇంగ్లీషు రొమాంటిక్ కవుల నుంచే దిగుమతి అయిందనేవాళ్లు శతకాన్ని ఎందుకు మరిచిపోతారో అర్థం కాదు. అయితే గోడలు అక్కడా ఉన్నాయి. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు రాగిరేకుల మీద అధ్యాత్మం, శృంగారం అని రెండు విభాగాలుగా ఉన్నాయి. శృంగారంలో ఎక్కువగా మాట్లాడేది నాయికో చెలికత్తో, అధ్యాత్మంలో భక్తుడు.

1910లో గురజాడ ముత్యాల సరం అనే ఛందస్సుతో పద్యం నడకే మారింది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. మనసులో మాట చిన్నదైతే మిగతా అక్షరాలను విశేషణాలతోనో సంబోధనలతోనో నింపాలి. ముత్యాల సరంలో లెక్క అక్షరాలది కాదు, మాత్రలది (లఘువుకు ఒకటి, గురువుకు రెండు): 3, 4, 3, 4 చొప్పున 14 మాత్రల పాదాలు మూడు, నాలుగోది కాస్త పొట్టి. ప్రాస నియమం లేదు. ‘వాన వెలిసిన రాత్రి వాకిట’ అని రాసి చూడండి. వాన 3, వెలిసిన 4, రాత్రి 3, వాకిట 4. మాట ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది, నింపాల్సిన ఖాళీ ఉండదు. అలాగని భావకవులంతా పాత పద్యాన్ని వదిలెయ్యలేదు. రాయప్రోలు, కృష్ణశాస్త్రి అందులోనే ఉండి దాన్ని మెత్తబరిచారు.

రాయప్రోలు ‘తృణకంకణం’ (1913) అమలిన శృంగారాన్ని, అంటే శరీర సంబంధం లేని ప్రేమను తెచ్చింది. విమర్శకులు దాని నైతికత గురించే ఎక్కువ మాట్లాడారు కానీ, అసలు మార్పు ప్రకృతి విషయంలో జరిగింది. సంభోగమే లేనప్పుడు ఉద్దీపనకు పనేముంది? వెన్నెల ఆ ఉద్యోగం నుంచి విడుదలై కవి మాట వినే తోడుగా కూర్చుంది. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ (1925) నాటికి కవి దిగులుకీ రాత్రికీ మధ్య సరిహద్దు చెరిగిపోయింది. మరణంలోనూ అంతే. నాయని సుబ్బారావు ‘మాతృగీతాలు’, విశ్వనాథ ‘వరలక్ష్మీ త్రిశతి’ దగ్గరికొచ్చేసరికి ఏడుస్తున్నది రతీ కాదు, అజుడూ కాదు. పోయింది కన్నతల్లి, కట్టుకున్న భార్య.

చిక్కు అనుకరణతో వచ్చింది. వెన్నెల, ఏటి ఒడ్డు, రాలిన పువ్వు మళ్లీ జాబితాగా మారాయి, ఈసారి శాస్త్రం చెప్పకుండానే. ప్రబంధ నాయికకు పేరైనా ఉండేది, ఈ ప్రేయసికి అదీ లేదు. పరీక్ష సులువే: గీతంలో పున్నమి తీసేసి అమావాస్య పెట్టండి. ఒక్క మాట కూడా మార్చాల్సిన అవసరం రాలేదంటే ఆ చంద్రుడు అరువు సరుకు.

ఈ పరీక్షకు నిలిచేది జాషువా ‘గబ్బిలం’ (1941). మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని పంపింది అలకాపురిలో ఉన్న భార్య దగ్గరికి. ఇక్కడ అంటరానివాడన్న ముద్ర పడ్డవాడు గబ్బిలాన్ని పంపేది కాశీలో ఉన్న శివుడి దగ్గరికి. గబ్బిలం స్థానంలో హంసనో చిలకనో పెడితే కావ్యం కూలిపోతుంది, ఎందుకంటే గుడిలో తలకిందులుగా వేలాడేది గబ్బిలమే, శివుడి చెవికి దగ్గరగా ఉండేదీ అదే. దాన్ని ఎవరూ ఆపరు. పూజారి లేని వేళ చూసి తన కథ ఆ చెవిలో వెయ్యమని అతను దాన్ని వేడుకుంటాడు.