సెగలన్నీ ఆ జబ్బువే కావు: హెచ్ఐవీతో నలభై దాటిన ఆడవాళ్ళ అపోహలు – వాస్తవాలు

"సిస్టరమ్మా, మందు పనిచెయ్యడం మానేసింది. రాత్రి జాకెట్టు పిండితే నీళ్ళు కారతన్నాయి."

గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఒకావిడ మాట ఇది. నలభై ఆరేళ్ళు, ఎండుచేపల బేరం. పదిహేనేళ్ళుగా ఒక్క పూట మాత్ర తప్పని మనిషి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ కాగితం తీసి చూస్తే వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంది. అంటే మందు చక్కగా పనిచేస్తోంది. మరి చెమటలెందుకు? ఎనిమిది నెలలుగా ఆవిడకి నెలసరి ఓసారి వస్తోంది, రెండుసార్లు తప్పుతోంది. నేను అడిగితేగాని ఆ సంగతి బయటికి రాలేదు. "అదీ మీకే చెప్పాలేటి?" అని నవ్వింది.

తప్పు ఆవిడది కాదు, అడగని మాది. దగ్గుందా, జ్వరముందా, మాత్ర తప్పిందా, గర్భవతివా అని అడుగుతాం. ముట్లుడుగుతున్నాయా అని అడిగే అలవాటు మాకు లేదు. మన దేశంలో హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్‌లో. సూరత్ మరమగ్గాలకు వలసపోయిన మొగుళ్ళు మంచాన పడ్డాక, పోయాక, పరీక్ష చేయించుకున్న ఆడవాళ్ళు అప్పటికి పాతికేళ్ళ వయసువాళ్ళు. పిల్లలు బడి ఈడుకొచ్చేదాకా వీళ్ళు బతికితే చాలనుకునేవాళ్ళం. బతికారు. ఆ పిల్లలకు పెళ్ళిళ్ళూ చేశారు. ఇప్పుడు ముట్లుడిగే వయసుకొచ్చారు. ఇంత దూరం వస్తారని మేమే అనుకోలేదు, ఇక సిద్ధంగా ఎలా ఉంటాం?

నేను డాక్టర్ని కాను. దక్షిణ ఒడిశాలో ముందు నర్సుగా, తర్వాత హెచ్ఐవీ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. బరంపురం, ఛత్రపురం తీరం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చే తెలుగువాళ్ళతో నా మాటలన్నీ తెలుగులోనే. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు ఒడియాలో చెబుతారు, భయం మాత్రం తెలుగులోనే వేస్తుంది. ఆ భయాల్లో నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: రాత్రి చెమటలు పడితే మందు పనిచేయడం లేదని అర్థం.

ముట్లుడిగే ముందు ఈస్ట్రోజెన్ హార్మోను ఒడిదుడుకులై తగ్గిపోతుంది. ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం అప్పుడు చిన్న మార్పుకే బెదిరిపోతుంది. గుండెల మీంచి మెడకి, ముఖానికి సెగ ఎగదన్నినట్టుంటుంది. కొన్ని నిమిషాలకు చెమట, ఆ తర్వాత చలి. మందు పనిచేస్తోందో లేదో తేల్చేది వైరల్ లోడ్ పరీక్షే. చెమట చూసి ఎవరూ చెప్పలేరు. "మందు ఒగ్గేస్తాను, వేడి చేస్తంది" అనేవాళ్ళకు నేను ముందు చూపించేది ఆ కాగితమే.

అయితే దీనికి ఇంకో వైపుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ళని ప్రతిసారీ నాలుగు సంగతులు అడుగుతాం: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. నాలుగూ క్షయ లక్షణాలే. ఒకప్పుడు నలభై ఎనిమిదేళ్ళ ఆవిడ చెమటలంటే "వయసమ్మా, అంతే" అని పంపేశాను. నెల తిరక్కుండా మెడ మీద గడ్డలతో వచ్చింది. క్షయ. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా నెట్టను. ముట్ల చెమట అలలా వచ్చిపోతుంది, జ్వరం ఉండదు, బరువు తగ్గదు. సాయంత్రం జ్వరం, తగ్గని దగ్గు, వదులవుతున్న జాకెట్లు, వీటిలో ఏ ఒక్కటి తోడున్నా ముందు కఫం పరీక్ష, ఎక్స్‌రే. వయసు సంగతి ఆ తర్వాత చూద్దాం. "అంతా ఆ జబ్బే" అనేది ఎంత తప్పో, "అంతా వయసే" అనేదీ అంతే తప్పు. ఈ రెండు మాటల మధ్యే మా ఆడవాళ్ళు నలిగిపోతున్నారు.

అపోహ: నెలసరి ఆగిందంటే ముట్లుడిగినట్టే.

వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆ మాట అనాలి. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్ళకు జరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో కాస్త ముందే వస్తుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. కాకపోతే సీడీ4 (జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్క) బాగా పడిపోవడం, బక్కచిక్కిన ఒళ్ళు, పొగాకు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. పొగాకంటే మా తీరంలో మగవాళ్ళ సంగతే కాదు. చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు, పళ్ళకి గుడాకు అనే పొగాకు ముద్ద రాసేవాళ్ళయితే లెక్కలేదు. పొగతాగేవాళ్ళకు ముట్లు ఏడాది రెండేళ్ళు ముందే ఉడుగుతాయి. అడ్డపొగతో అంగిట్లో కేన్సరు వేరే.

నలభై లోపే ఆగితే మాత్రం ఊరుకోకూడదు. థైరాయిడ్, తిండి చాలకపోవడం, క్షయ, గర్భం... ఏదైనా కావచ్చు. నలభై దాటినా గర్భం రావచ్చు. నలభై నాలుగేళ్ళ ఆవిడ ముట్లుడిగాయనుకుని ఐదో నెలలో కడుపుతో వచ్చింది మా దగ్గరికి. కూతురు పురిటికొచ్చి ఉంది ఆ ఇంట్లో! యాభై దాటాక ఆగితే చివరి నెలసరి నుంచి ఏడాది, యాభై లోపే ఆగితే రెండేళ్ళు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

అపోహ: గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది, కేన్సరు భయమూ ఉండదు.

ఈ మాట దగ్గర నేను కాస్త కోపిష్టిని. సరిహద్దు దాటి ఆంధ్రలో చుట్టాల సలహాతో చేయించుకొచ్చేవాళ్ళు ఎక్కువ. పిల్లసంచి ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి దాదాపు 9 మందికి అది అయిపోయింది. దేశం మొత్తం మీద 3 చిల్లర. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మర్నాటినుంచే సెగలు, నిద్రలేమి, ఎముకల అరుగుదల. పదేళ్ళలో మెల్లగా రావలసింది ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే వయసు కొంత ముందే వచ్చేస్తుంది. గడ్డలో, ఆగని రక్తస్రావమో, కేన్సరో ఉంటే ఆపరేషను తప్పదు, అది వేరే సంగతి. తెల్లబట్టకి, నడుంనొప్పికి సంచి తీయించుకోవడం ఏమిటి?

గర్భాశయ ముఖద్వార కేన్సరు ముప్పు హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళ కంటే దాదాపు ఆరు రెట్లు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకి 25 ఏళ్ళ నుంచే పరీక్షలు మొదలుపెట్టమంటోంది. ఆ కేన్సరు తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షయితే 3 నుంచి 5 ఏళ్ళకోసారి. ఆ నమూనా ఎవరికి వాళ్ళే తీసి ఇవ్వచ్చు, మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోనక్కర్లేదు. వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష ముట్లుడిగాక అంత నమ్మకమైనది కాదు. చూడవలసిన భాగం వయసుతో లోపలికి జారిపోతుంది. "చూశారు, ఏం లేదన్నారు" అంటే ఏ పరీక్షతో చూశారని అడగండి.

ఏడాది పాటు ఆగిపోయి మళ్ళీ ఒక్క చుక్క కనబడినా, "మళ్ళీ వయసొచ్చింది" అని జోకులేసుకుని వదిలేయకండి. ఆ వారమే ఆసుపత్రికి.

అపోహ: ఎముకల నొప్పికి కాల్షియం వేసుకుంటే సరి, మాత్రతో కలిపి మింగేయొచ్చు.

ఇప్పుడు ఎక్కువమంది వేసుకునే మాత్రలో మూడు మందులుంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. టెనోఫోవిర్ ఎముకల గట్టిదనాన్ని కొంచెం తగ్గిస్తుంది. ముట్లుడగడమూ తగ్గిస్తుంది. రెండూ కలిస్తే గుమ్మం దగ్గర జారినా మణికట్టు విరగొచ్చు. కాబట్టి కాల్షియం మంచిదే. కానీ ఖాళీ కడుపున కాల్షియాన్నో ఐరన్‌నో డోలుటెగ్రావిర్‌తో కలిపి మింగితే, అవి మందుని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. అన్నంతో పాటయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. లేదంటే హెచ్ఐవీ మాత్ర కాల్షియానికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తర్వాత గాని. కడుపుమంటకి తాగే తెల్ల మందుకైతే తిండితో నిమిత్తం లేదు, ఎడం ఉండాల్సిందే.

మాత్రల కంటే ముందు చోళ్ళున్నాయి (రాగులు) మనకి. నూరు గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం. పొద్దున్నే అంబలి తాగే ఇంట్లో నేను కొత్తగా చెప్పేదేముంది? ముల్లుతో సహా తినే చిన్న చేపలూ మంచివే. ఎండుచేపలయితే ఉప్పు కడిగి వండండి, బీపీ ఉన్నవాళ్ళు మరీనూ.

గుండె సంగతి రెండు ముక్కల్లో. ముట్లుడిగాక ఆడవాళ్ళకు గుండె రక్షణ తగ్గుతుంది, హెచ్ఐవీ దానికి తోడు. 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనంలో 40–75 ఏళ్ళ హెచ్ఐవీ ఉన్నవాళ్ళు 7,769 మంది పాల్గొన్నారు. పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వేసుకున్నవాళ్ళలో పెద్ద గుండె జబ్బులు 35 శాతం తగ్గాయి. మీ డాక్టర్ని అడగదగ్గ ప్రశ్న ఇది.

అపోహ: మాకు హార్మోన్ మందులు పనికిరావు.

హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో కాదనడం సరికాదు. రొమ్ము కేన్సరు, రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ జబ్బు ఉన్నాయా అని అందరికీ చూసినట్టే చూస్తారు. పాత మందు ఎఫావిరెంజ్ ఇంకా వాడుతుంటే అది ఈస్ట్రోజెన్‌ని త్వరగా అరగదీసేస్తుంది, మోతాదు చూసుకోవాలి. డోలుటెగ్రావిర్‌తో ఆ చిక్కు లేదు. హార్మోన్లు వద్దనుకుంటే సెగలకి వేరే మాత్రలూ ఉన్నాయి. డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర చెడగొడుతుంది, అలాంటప్పుడు మాత్ర పొద్దుటి పూటకు మార్చుకోవచ్చేమో అడగండి.

అపోహ: ఈ వయసులో సంసారమేంటి, దాని గురించి అడగడమేంటి.

అడగరు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, నిలబడే అడుగుతారు. పొడిబారడం వల్ల మంట, చిన్న చిన్న చీలికలు. దానికి నీటి ఆధారంతో చేసిన జెల్ వాడాలి. మా వాళ్ళందరూ వాడేది కొబ్బరినూనె. నూనె తగిలితే లేటెక్సు కండోమ్ చిరిగిపోతుంది, అది ఎవరూ చెప్పరు. లోపల రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము డాక్టరు రాస్తారు, మేలు చేస్తుంది. రోజూ మందు వేసుకుంటూ వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువగా నిలబడితే భర్తకి సోకదు. ఈ మాట విని ఏడ్చినవాళ్ళని చూశాను.

ఇంగ్లండులో హెచ్ఐవీ ఉన్న 45–60 ఏళ్ళ 869 మంది మహిళలతో ప్రైమ్ అనే అధ్యయనం చేశారు. ముట్ల బాధలు తీవ్రంగా ఉన్నవాళ్ళలో మాత్రలు తప్పడం, ఆసుపత్రికి రాకపోవడం ఎక్కువని తేలింది. ఇక్కడా అంతే. నిద్ర లేక, చిరాకుతో, "ఇంకెందుకీ మాత్రలు" అనుకునేది ఈ రోజుల్లోనే. కోడలు దాన్ని "అత్తకి మతి చెడింది" అంటుంది. ఇరవై ఏళ్ళు తప్పకుండా వేసుకున్న మనిషి ఇప్పుడు తప్పుతోందంటే నేను తిట్టను. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావప్పా అని అడుగుతాను.

స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే చాలామంది జంకేది జబ్బు పేరు చెప్పాలనే. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం, మీ ఒప్పుదల లేకుండా ఆ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు, జబ్బుందని వైద్యం నిరాకరించకూడదు. అయినా భయం పోదు, తెలుసు. కానీ రాసే మందు మీ మాత్రతో కలహించకుండా ఉండాలంటే ఆ డాక్టరుకి మీ మందుల పేర్లు తెలియాలి. నోరు రాకపోతే ఏఆర్‌టీ కేంద్రంలో మీకిచ్చిన ఆకుపచ్చ పుస్తకం చివరి పేజీలో నేను రాసిస్తాను. పైన మందుల పేర్లు మూడు, కింద మీ చివరి నెలసరి తేదీ. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టండి.