కీర్తనల ధ్యానం: అపోహలు - వాస్తవాలు

మా ప్రార్థన సహవాసంలో చాలా ఏళ్లుగా బైబిల్లోని కీర్తనల గ్రంథం మీద ధ్యానం నడిపిస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు పైకి అడిగేవీ పాతవాళ్లు మనసులోనే దాచుకునేవీ దాదాపు అవే సందేహాలు. దేవుడి ముందు ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం నేర్పేవి ఈ కీర్తనలు, మనమేమో వాటిల్లోంచి స్టేటస్‌కి పనికొచ్చే వచనాలు ఏరుకుని మిగతాది వదిలేస్తున్నాం, నా బాధంతా అదే.

అపోహ: విశ్వాసి అన్నవాడు దేవుణ్ణి "ఎందుకిలా", "ఇంకెన్నాళ్లు" అని అడగకూడదు

వాస్తవం: 150 కీర్తనల్లో మొరపెట్టేవే అన్ని రకాలకంటే ఎక్కువ. 13వ కీర్తన తీసుకోండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అంటూనే మొదలవుతుంది, మొదటి రెండు వచనాల నిండా ప్రశ్నలే, తర్వాత రెండు వచనాల్లో కీర్తన రాసినవాడు నావైపు చూడు, జవాబియ్యి అని బతిమాలుకుంటాడు, అప్పుడు గానీ నీ కృపను నమ్ముకున్నాను అనే మాట రాదు. ఈలోపు శత్రువు పోయాడని గానీ సమస్య తీరిందని గానీ ఎక్కడా లేదు, గమనించారా? పరిస్థితి అలాగే ఉంది, కానీ అడగాల్సినవన్నీ దేవుణ్ణే అడిగాడు. అసలు నమ్మకం లేనివాడు దేవుణ్ణి నిలదీయడు కదండీ, మాట్లాడటమే మానేస్తాడు.

యేసు ప్రభువు సిలువ మీద వేసిన కేక కూడా 22వ కీర్తన మొదటి మాటే, "నన్నెందుకు విడిచితివి" అని. ఆయనే అడిగిన ప్రశ్న మనం అడిగితే తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఏ కీర్తన చదివినా చివరికి మనసుకి నెమ్మది వచ్చేయాలి, రాకపోతే మన ప్రార్థనలో లోపం ఉన్నట్టే

వాస్తవం: 88వ కీర్తన ఒక్కసారి చివరిదాకా చదవండి. ఆఖరి వచనంలో కూడా చీకటే ఉంది, ఒక్క స్తుతి వాక్యం కూడా లేకుండా అక్కడితో ఆగిపోతుంది. దాన్ని ఎవరూ సరిచేయలేదు, చివర్లో ఒక ఆదరణ మాట అతికించలేదు, అలాగే పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి నేను ముందు "యెహోవా నా కాపరి" అనే 23వ కీర్తన కాదు, ఇదే చూపిస్తాను, "నా పరిస్థితి కూడా బైబిల్లో ఉందా" అని ఏడ్చినవాళ్లు ఉన్నారు. (డాక్టర్ అవసరం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లమనే చెప్తాను, కీర్తన చదువుతున్నాం కదా అని మందులు ఆపకండి దయచేసి.)

అపోహ: 91వ కీర్తన రోజూ చదివితే ఏ ఆపదా దగ్గరికి రాదు

వాస్తవం: ఇది చాలామందికి నొప్పి కలిగిస్తుందని తెలుసు, అయినా చెప్పాలి. నీ పాదాలకు రాయి తగలకుండా దూతలు ఎత్తి పట్టుకుంటారు అన్న 11, 12 వచనాలనే సాతాను యేసుకి చూపించి దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్నాడు, మత్తయి 4లో ఉంది. పామును తొక్కుతావు అనే 13వ వచనం దాకా మాత్రం వాడు రాలేదు! యేసు ఇచ్చిన జవాబు దేవుణ్ణి పరీక్షించకూడదు అని. అదే కీర్తన 15వ వచనంలో "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అంటాడు దేవుడు. అంటే శ్రమ వస్తుంది, అందులో ఆయన ఉంటాడు. ఈ వచనం తెలియకుండా పై వాగ్దానాలు మాత్రమే కంఠతా పెట్టినవాళ్లకి ఇంట్లో యాక్సిడెంట్ జరిగినప్పుడు విశ్వాసమే కూలిపోతుంది, పక్కనుండేవాళ్లు "మీరు సరిగ్గా చదవలేదేమో" అంటే ఇక ఆ మనిషి కోలుకోలేడు. అలా ఎవరితోనూ అనకండి.

అపోహ: కోపంతో శపించే కీర్తనలు క్రైస్తవులకి కాదు, దాటేయాలి

వాస్తవం: "నీ భారము యెహోవామీద మోపుము" అనే వచనం అందరికీ ఇష్టమే, అది ఏ కీర్తనలో ఉందో తెలుసా? 55లో. పైనుంచి చదువుకుంటూ రండి. గుండె దడ, వణుకు, గువ్వలా రెక్కలుంటే ఎక్కడికైనా ఎగిరిపోదును అనే ఆశ. తర్వాత అసలు విషయం బయటపడుతుంది, ఇది చేసింది శత్రువు కాదు, శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి, నువ్వు నా స్నేహితుడివి, ఇద్దరం కలిసి దేవుని మందిరానికి వెళ్లేవాళ్లం అంటాడు. వెంటనే వాళ్ల మీదికి మరణం రావాలి అనేంత కోపం. ఇంత జరిగాక 22వ వచనంలో భారం మోపే మాట వస్తుంది, ఆ భారంలో ఈ కోపం కూడా ఉంది మరి.

దగ్గరివాళ్ల చేతిలో మోసపోయిన ఒక సహోదరి "క్షమించేశాను" అని అందరికీ చెప్తూ రాత్రిళ్లు నిద్రపట్టక నలిగిపోతుండేది, ఆమెకి ఈ కీర్తన పైకి చదవమని చెప్పాను, సగంలోనే గొంతు పెగల్లేదు. క్షమించడం ఆ రోజు పూర్తయిపోలేదు, కానీ నిజంగా అప్పుడే మొదలైంది అంటాను. పగ తీర్చుకోవడానికి మన చేతులు లేవకుండా ఆ కోపాన్ని న్యాయాధిపతి అయిన దేవుడి ముందు పెట్టేయడమే ఈ కీర్తనల పని. 137వ కీర్తన ఆఖరి వచనం చదవడానికే భయం వేస్తుంది, ఒప్పుకుంటాను, కానీ యెరూషలేమును కాల్చేసి తమని బబులోనుకు ఈడ్చుకెళ్లినవాళ్ల గురించి ఏడుస్తున్న మనుషులు వాళ్లు. ఆ మాటలు శత్రువుల మీద ప్రయోగించే ఆయుధాలుగా మాత్రం ఎవరూ వాడకండి.

అపోహ: కీర్తనలన్నీ దావీదే రాశాడు

వాస్తవం: హెబ్రీ ప్రతుల్లో దావీదు పేరున్నవి 73. మందిర గాయకుడు ఆసాపు పేరుతో 12 ఉన్నాయి, గాయక వంశమైన కోరహు కుమారులవి ఉన్నాయి, 90వది మోషే ప్రార్థన, చాలావాటికి ఏ పేరూ లేదు.

అపోహ: నా మూడ్‌కి సరిపోయే కీర్తనే చదవాలి, దానికి బోలెడు టైం కావాలి

వాస్తవం: వరసగా చదవండి. రోజుకి అయిదు చొప్పున చదివితే 30 రోజుల్లో 150 అయిపోతాయి, అంత కుదరకపోతే రోజుకొకటే చాలు, 117వది రెండే వచనాలు, 119 మాత్రం 176 వచనాలు కాబట్టి దాన్ని ఎనిమిదేసి వచనాలుగా 22 రోజులు చేసుకోండి, అది రాసిందే అలా 22 భాగాలుగా. మీరు సంతోషంగా ఉన్న రోజు ఏడుపు కీర్తన వస్తే ఏడుస్తున్నవాళ్లెవరో ఒకరు మీకు తెలిసే ఉంటారు, వాళ్ల పేరు పెట్టి వాళ్ల తరఫున చదవండి. మీరు కుమిలిపోతున్న రోజు స్తుతి కీర్తన వస్తే, నోరు రాకపోతే, ఇంట్లో ఇంకొకరిని చదవమని మీరు వింటూ కూర్చోండి. చాలా కీర్తనలు ప్రధాన గాయకునికి అని ఇచ్చి నలుగురూ కలిసి పాడటానికి రాసినవే కదా.