రెండు నెలలు ఆగి మళ్లీ బ్యాగ్ ఎత్తే ముందు: అపోహలు - వాస్తవాలు

వానాకాలమంతా హిమాచల్‌లో ధర్మశాల పైనున్న ధర్మ్‌కోట్‌లోనో, బీర్ అనే ఊళ్లోనో గది తీసుకుని ఉండిపోయి, సెప్టెంబరులో ఒంటరిగా ఎత్తైన స్పితి లోయ వైపు కదిలేవాళ్లు ట్రెక్ లీడర్‌గా నాకు ఏటా ఎదురవుతారు. వాళ్లు ధీమాగా చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. నాకు భయం వేసేది ఆ ధీమా చూసే.

అపోహ: "జూన్‌లో లేహ్‌లో పది రోజులున్నాను. ఎత్తు నాకు అలవాటే."

వాస్తవం: రెండు మూడు వారాలు కిందికి దిగి ఉంటే ఆ అలవాటు చాలావరకు పోతుంది. ధర్మ్‌కోట్ కూడా కొండే కదా అంటారు. అది దాదాపు 2,100 మీటర్లు, స్పితిలోని ముఖ్య పట్టణం కాజా 3,650. మనాలిలో పొద్దున్నే బండెక్కి, నాలుగున్నర వేల మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ మీదుగా రాత్రికి కాజా చేరితే, పడుకునే ఎత్తు ఒక్కరోజులో 1,600 మీటర్లు పెరిగినట్టు. మూడు వేలు దాటాక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచొద్దని డాక్టర్లు చెబుతారు.

అందుకే అడిగినవాళ్లందరినీ కిన్నౌర్ వైపు నుంచి వెళ్లమంటాను. దారిలో ఉన్న కల్పాలో రెండు రాత్రులు, తాబోలో రెండు, ఆ తర్వాతే కాజా. కల్పా కిందున్న రెకాంగ్ పియో నుంచి హిమాచల్ ఆర్టీసీ బస్సు ఉంటుంది. రోజులు ఎక్కువే పడతాయి, పడనివ్వండి. నిరుడు కాజాలో మారథాన్లు పరిగెత్తే కుర్రాడొకడు చేతిలో నీళ్ల మగ్గుతో గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. ఫిట్‌నెస్ వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. తలనొప్పి, వికారం ఉంటే తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లొద్దు. నడుస్తూ తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రైనా సరే కిందికే దిగాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతీ చెప్పండి.

అపోహ: "బూట్లు రెండు నెలలుగా వేసుకోనే లేదు. కొత్తవాటిలా ఉన్నాయి."

వాస్తవం: వేసుకోకుండా తేమలో మూల పడేసిన బూట్లనే నమ్మకూడదు. చాలా ట్రెక్కింగ్ బూట్లలో సోల్‌కీ పైభాగానికీ మధ్య పాలీయురెథేన్ పొర ఉంటుంది. అది గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపలే చివుకుతూ వస్తుంది, పైకి మాత్రం నిగనిగలాడుతుంది. ధర్మ్‌కోట్ పైనున్న ట్రియుండ్ దారిలో నా కుడి బూటు మడమ దగ్గర నోరు తెరిచింది. ముట్టుకుంటే తడిసిన బిస్కెట్‌లా పొడి రాలింది. బట్టలారేసే తాడుతో కట్టుకుని, అడుగడుగునా ఆగుతూ దిగాను. బయల్దేరే ముందు బూటును రెండు చేతులతో వంచి, సోల్ అంచున బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. జిగురు మాత్రమే ఊడితే చెప్పులు కుట్టే ఆయన బాగుచేస్తాడు. పొడి రాలితే కొత్తవి కొనాల్సిందే, కొన్నాక వారమైనా వేసుకు తిరగాలి.

అపోహ: "నడక మొదలైతే కాళ్లు అవే సర్దుకుంటాయి."

వాస్తవం: కండరాలు త్వరగానే దారికొస్తాయి. వాటిని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకు ఇంకా టైమ్ కావాలి. వానలు తగ్గాక, బయల్దేరడానికి రెండు వారాల ముందు నుంచే బ్యాగ్‌లో సగం బరువు వేసుకుని రోజు మార్చి రోజు కొండ ఎక్కండి, దిగండి. మోకాళ్ల సత్తా తెలిసేది దిగేటప్పుడే. బరువు తగ్గేలా, గదిలో చేరిన పుస్తకాలు, దుప్పటి పోస్టులో ఇంటికి పంపేయండి.

అపోహ: "నా ఒంటరి ప్రయాణాలు ఇంట్లో అలవాటైపోయాయి. ఇప్పుడేం కంగారు పడరు."

వాస్తవం: వాళ్లకు ఇప్పుడు అలవాటైంది రోజూ చేసే వీడియో కాల్. స్పితిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఒక్క సాయంత్రం ఫోన్ రాకపోతే టెన్షన్ మొదలవుతుంది. ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటానో, ఏ తేదీ దాకా ఫోన్ రాకపోయినా పర్లేదో, అది దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాసి పంపుతాను. మా అమ్మ ఆ తేదీని వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో చుట్టి పెట్టుకుంటుంది. తాబోలో బస్సు దిగగానే, టీ కూడా తాగకుండా, ముందు సిగ్నల్ కోసం వెతుకుతాను.